ఇల్లు కట్టిన కాంట్రాక్టరే సోలార్ పెడతానంటే?

అమలాపురంలో మీ ఇల్లు కట్టిన కాంట్రాక్టరే ఇప్పుడు 'డాబా మీద సోలార్ కూడా పెట్టేస్తా' అంటున్నారా? సంతోషమే. ముందు ఒక్కటి అడగండి: సూర్యఘర్ పోర్టల్‌లోని వెండర్ల జాబితాలో మీ పేరుందా అని. 2024లో మొదలైన ఈ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్రమిచ్చే రూ.78,000 రాయితీ, నమోదైన వెండర్ మన దేశంలో తయారైన ప్యానెళ్లు బిగిస్తేనే మీ ఖాతాలో పడుతుంది.

శ్లాబు సంగతి ఆయనకు కొట్టినపిండే. ఇన్వర్టర్, ఎర్తింగ్, నెట్ మీటరింగ్ మాత్రం చదివి నేర్చుకోవాల్సినవి. ఐటీఐ కుర్రాళ్లకు 600 గంటల సూర్యమిత్ర శిక్షణ ఉన్నది అందుకే. అది పొందినవారు ఒకరైనా ఆయన దగ్గర ఉండాలి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ మనది. స్టాండు ఎంత గాలికి తట్టుకుంటుందో కాగితం మీద రాయించుకోండి. కొబ్బరిచెట్ల నీడ పడే డాబాకైతే ఎన్ని కిలోవాట్లు పెట్టినా కరెంటు తక్కువే.