పేర్లను ఎక్కడ పడితే అక్కడ కోయొద్దు



మన గోడపత్రికలో చెట్ల గురించి, పరిశుభ్రత గురించి, పరీక్షల గురించి చాలామంది బాగా రాసినారు. నేను ఈసారి కంప్యూటర్‌లో తయారయ్యే పట్టికల గురించి రాస్తున్నాను. ఇది ఆఫీసు రూములో వాళ్ల పని, మనకెందుకులే అని ముందుకు పోవద్దండి. ఆ పట్టికల్లో ఉండేది మన పేర్లే. ఉపకార వేతనమైనా, పదో తరగతి సర్టిఫికెట్ అయినా, బ్యాంకు ఖాతా అయినా అక్కడి నుంచే మొదలవుతాది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒకే గడిలో కలిసి ఉన్న వివరాలను వేరు వేరు నిలువు వరుసల్లోకి విడదీసే పని కంప్యూటర్ క్షణంలో చేస్తాది. కానీ ఎక్కడ విడదీయాలో దానికి తెలియదు. అది మనుషులే చెప్పాల. ఎవరి పేరైతే విడిపోతుందో వాళ్లను అడిగి చెప్పాల.

ముందు పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. ఫోనులో వచ్చిన జాబితానో, టైపు చేసిన కాగితాన్నో కాపీ చేసి ఎక్సెల్‌లో అతికిస్తే చాలాసార్లు నెంబరు, పేరు, తాండా, పుట్టిన తేదీ, ఖాతా నెంబరు అన్నీ ఒకే గడిలో కుక్కినట్టు పడతాయి. అట్లా ఉంటే తాండావారీగా లెక్కపెట్టలేము, తరగతివారీగా పేర్చలేము. 300 మంది పిల్లలకు ఆరేసి వివరాలంటే 1800 గడులు. చేత్తో మళ్లీ కొట్టాలంటే రెండు రోజులు పోతాయి, తప్పులు కూడా పడతాయి. అందుకని 'డేటా' అనే చోట 'టెక్స్ట్ టు కాలమ్స్' అనే సౌకర్యం పెట్టినారు. డబ్బు కట్టకుండా దొరికే లిబ్రె ఆఫీస్‌లో కూడా ఇదే పేరుతో ఉంది.

మన నాయన వాళ్లు చెనక్కాయ విత్తేది అందరూ చూసే ఉంటారు. జడ్డిగంలో విత్తనం పోస్తే గొట్టాల గుండా ఒక్కొక్క సాలులో పడతాది. కందిని మాత్రం అందులో కలిపి పోయరు, అక్కడి సాలులో విడిగా వేస్తారు. ఏ గింజ ఏ సాలులో పడాలో ముందే అనుకొని గొర్రు కడతారు. పట్టికను విడదీయడం కూడా అట్లాంటి పనే.

కంప్యూటర్ రెండు రకాలుగా విడదీస్తాది. ఒకటి, గుర్తు చూసి. కామా ఉన్నచోట కోయి, ఖాళీ ఉన్నచోట కోయి అని మనం చెప్పొచ్చు. రెండోది, ఇన్ని అక్షరాల తర్వాత కోయి అని కొలత చెప్పడం. అందరికీ ఒకే పొడవు ఉండే నెంబర్లకైతే కొలత సరిపోతాది. పేర్లకు సరిపోదు.

మన పేర్ల దగ్గరే అసలు చిక్కు. చాలామంది తొందరలో 'ఖాళీ ఉన్నచోట కోయి' అని చెబుతారు. రమావత్ లక్ష్మి అనే పేరు రెండు ముక్కలవుతుంది, బాగానే ఉంటాది. రమావత్ లక్ష్మీ బాయి అయితే మూడు ముక్కలు. రమావత్ రాజేశ్ కుమార్ నాయక్ అయితే నాలుగు. అప్పుడు ఒకరి తాండా పేరు ఉండాల్సిన వరుసలో ఇంకొకరి 'నాయక్' వచ్చి కూర్చుంటాది. పక్క వరుసలన్నీ ఒక్కో అడుగు జరిగిపోతాయి. ఇంకొకటి, తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. దరఖాస్తుల్లో 'ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్' అని అడుగుతారు. కోసిన మొదటి ముక్కను ఫస్ట్ నేమ్ అనుకుంటే మన తరగతిలో సగంమంది పేరు 'రమావత్' అయిపోతాది! పిలిస్తే అందరూ ఒకేసారి లేస్తారు.

నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ ఇందులో నష్టం ఉంది. 2024లో మన రాష్ట్రంలో విద్యార్థులకు 12 అంకెల అపార్ నెంబర్లు ఇచ్చేటప్పుడు, ఆధార్‌లో ఒక తీరుగా, బడి రికార్డులో ఇంకో తీరుగా పేరు ఉన్న పిల్లలు ఎంతోమంది ఆగిపోయినారు. తల్లిదండ్రులు కూలి పోగొట్టుకొని ఆధార్ కేంద్రాల ముందు నిలబడినారు. అవన్నీ ఈ కోత వల్లనే వచ్చిన తేడాలని నేను అనను. కానీ పేరులో ఒక ముక్క అటు ఇటు అయితే ఎవరి కాళ్లు అరుగుతాయో దాని వల్ల తెలుస్తుంది.

నెంబర్ల సంగతి ఇంకా గట్టిది. అన్నీ ఒకే గడిలో కలిసి ఉన్నంతసేపు కంప్యూటర్ వాటిని వట్టి అక్షరాలుగా చూస్తాది, ఏమీ మార్చదు. విడదీసేటప్పుడే ప్రమాదం. 007 అనే అడ్మిషన్ నెంబరు 7 అవుతాది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే గుర్తు పెట్టుకుంటాది. ఖాతా నెంబరు 16 అంకెలుంటే చివరి అంకె సున్నాగా మారిపోతాది. తర్వాత ఏం చేసినా ఆ అంకె తిరిగి రాదు. 12 అంకెల ఆధార్ నెంబరు పోదు గానీ, మధ్యలో 'ఇ' అక్షరంతో అర్థంకాని రాతలా కనబడతాది. 05/06/2011 అంటే మనకు జూన్ 5. అమెరికా పద్ధతిలో పెట్టిన కంప్యూటర్‌కు అది మే 6.

ఇంట్లో నాయన వాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. పొలం సర్వే నెంబరు 10-3 అని ఉంటే కంప్యూటర్ దాన్ని మార్చి 10వ తేదీ అనో, అక్టోబర్ 3వ తేదీ అనో మార్చేస్తాది. వాన తక్కువగా పడే జిల్లా మనది. పంట పోయినప్పుడు వచ్చే నాలుగు రూపాయలు కూడా పట్టికలో తేడా పడి ఆగితే ఎట్లా?

ఇది చదువురానివాళ్లకే వచ్చే కష్టం అనుకోవద్దు. ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా ఇదే బాధ పడినారు. 'సెప్ట్1', 'మార్చ్1' అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తా ఉంటే, చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. వాళ్లు జన్యువు పేరు మార్చగలిగినారు. మనం మన తాతల నాటి ఇంటిపేరు మార్చుకుంటామా?

కాబట్టి చేయవలసింది ఇది. విడదీయక ముందు ఇంటిపేరుకు, పేరుకు, తాండాకు మధ్య ఒక్కొక్క కామా పెట్టాల. తర్వాత కామా దగ్గరే కోయమని చెప్పాల. కుడిపక్కన చాలినన్ని ఖాళీ వరుసలు ఉంచాల, లేకుంటే అక్కడున్నది చెరిగిపోతాది. మూడో మెట్టులో నెంబర్లున్న ప్రతి వరుసకూ 'జనరల్' తీసి 'టెక్స్ట్' అని పెట్టాల. తేదీకి ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం అనే పద్ధతి ఎంచుకోవాల. అసలు జాబితా నకలు ఒకటి ముట్టకుండా దాచిపెట్టాల.

ఇంత ఓపిక ఎవరికుంది, పట్టిక సాయంత్రానికే పంపాల అని కొందరు అంటారు. నిజమే, పైనుంచి తొందర పెడతారు. కానీ కామాలు పెట్టడానికి ఒక పూట చాలు. తప్పు పోయిన తర్వాత దిద్దుకోవడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క నెల పడతాది. ఆ నెల పోగొట్టుకునేది పట్టిక పంపినవాళ్లు కాదు, మన అమ్మానాయనలు.

వార్డెన్ గారికి నా విన్నపాలు రెండు. పట్టిక పంపేముందు పేర్లు, తాండాలు ఒకరోజు నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఎవరి పేరు వాళ్లం చూసుకొని సరిచెబుతాం. ఆధార్, ఖాతా నెంబర్లు మాత్రం బోర్డు మీద వద్దు, ఒక్కొక్కరినీ పిలిచి విడిగా చూపించండి. రెండోది, కంప్యూటర్ పీరియడులో బొమ్మలు వేసేది తగ్గించి ఈ పని మాకు నేర్పించండి. నేర్చుకున్నాక సెలవుల్లో తాండాకు పోయినప్పుడు మా వాళ్ల కాగితాలు మేమే చూసిపెడతాం.

మిత్రులారా, రేపు భోజనం గంటకు ముందు ఒక పని చేయండి. మీ ఇంటిపేరు, మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఒక చీటీ మీద రాసి, మధ్యలో కామా పెట్టి మీ క్లాస్ లీడర్‌కు ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థి, బుక్కరాయసముద్రం