పప్పూ పచ్చడీ

ఈ సంచికలో బిర్యానీ లేదు, అడిగిన పాఠకులు మన్నించాలి. రోజూ వండుకునే పప్పు, వేపుడు, చారు, రోటి పచ్చళ్లకే పేజీలన్నీ ఇచ్చాం.

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ ఊరి పప్పయినా రుచి తేలేది మాత్రం పోపు దగ్గరే. నూనె కాగాక ఆవాలు చిటపటలాడాలి, ఆపైన ఎండుమిర్చి, చివర్లో ఇంగువ, కరివేపాకు. వెల్లుల్లి మాడిందా, ఆ చేదు పప్పంతటికీ పాకుతుంది. గోంగూరైనా మామిడికాయైనా పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే తగిలితే పప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కరుందిగా అనేవాళ్లతో నాకు పేచీ లేదు. బీరకాయ తొక్కు పారేసేవాళ్లతోనే ఉంది! నువ్వులు, పచ్చిమిర్చితో వేయించి, చింతపండు చేర్చి నూరితే వేడన్నంలోకి అంతకు మించిన పచ్చడేది?

కొలతలు లోపలి పేజీల్లో ఇచ్చాం. ఉప్పు మాత్రం మీరే చూసి వేసుకోండి.