వ్రాయువారికి వేదిక, చదువువారికి దారి

మంచి మాట వ్రాయువాడు కలడు. దానిని చదువగోరువాడును కలడు. ఇరువురి నడుమ దారి లేనిచో ఆ మాట పుట్టియు పుట్టనిదే యగును. ఈనాడు అంతర్జాలమున తెలుగు వ్రాతకు చోటు కఱవు లేదు, దారియే కఱవైనది. దీనిని గూర్చి మన పాఠశాల పత్రిక చదువరులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిమి.

పూర్వము ఈ దారి మన ప్రాంతమునకు దగ్గరగనే యుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు చేరెను. 1924లో భారతి, 1947లో చందమామ ఆ నగరమునుండియే వెలువడినవి. రైలు మార్గముననున్న తిరువళ్లూరికి, తిరుత్తణికి తెలుగు సాహిత్యము పొరుగింటి చుట్టమువంటిది. క్రొత్త రచయితను సంపాదకుడే చేయిపట్టి తెచ్చి పాఠకునకు చూపెడివాడు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. కాలక్రమమున తెలుగు పత్రికలు మద్రాసును వీడిపోయినవి. మనము మాత్రము ఇక్కడనే యుంటిమి.

అంతర్జాలము ఈ దూరమును చెరపునని ఆశపడితిమి. ఆ ఆశ పూర్తిగా వమ్ముకాలేదు. 1998లో ఈమాట, 2003లో తెలుగు వికీపీడియా ఆరంభమైనవి. పిమ్మట బ్లాగులు వచ్చినవి. తెలుగు మీటలెరుగనివారిచేత సైతము లేఖిని తెలుగు వ్రాయించినది. కూడలి, జల్లెడ, హారం, మాలిక అను సంకలినులు ఎవరెవరు ఏమేమి వ్రాసిరో ఒక్కచోట చూపినవి. పెక్కు బ్లాగుల ప్రక్కన ఆ రచయిత తాను చదువు ఇతరుల పట్టికయు నుండెడిది. అట్లు ఒకరి వెంట మరియొకరు పరిచయమగుచుండిరి. నేడా పని యంత్రమునకు అప్పగించితిమి. అది పదిమంది చూచినదానినే పదకొండవ వానికిని చూపుచున్నది.

మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, “అయ్యా, తెలుగు కథలని వెదకితిని, సినిమా ముచ్చట్లే వచ్చినవి. మన ఊరి తెలుగు వ్రాయువారెవరును లేరా?” అని యడిగినది. ఆ ప్రశ్న మమ్ము గ్రుచ్చినది. ఏలయన ఆ బాలిక తన వ్యాసమున “కయ్య” అని వ్రాయగా ఎఱ్ఱసిరాతో కొట్టి “పొలము” అని దిద్దినవారము మేమే. “ఎనుము”ను “గేదె”గా మార్చినవారమును మేమే. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన మాకు అక్కడి పుస్తకముల తెలుగే తెలుగని తోచెడిది. మనసు ఊరకుండక, 1852లో మద్రాసున అచ్చయిన బ్రౌను నిఘంటువును తెరచితిమి. రెండు మాటలును అందు కలవు! తరువాత స. వెం. రమేశ్ గారి “ప్రళయకావేరి కథలు” చదివితిమి. మన జిల్లాలోని పళవేర్కాడు చెంతనున్న సరస్సు చుట్టు పల్లెల పలుకుబడి అందు తలయెత్తుకొని నిలిచియున్నది. ఈ పుస్తకమును ఎవరేని మాకు ముందే చూపియుండిన, ఎందరి పిల్లల మాటలు మా కలము పాలు కాకుండెడివో!

కావున వ్రాతకు వేదికలు కట్టువారిని మేము కోరునవి కొన్ని గలవు. రచనను ఊరిపేరుతోను, మాండలికముతోను వెదకు వీలుండవలెను. ఆంగ్లలిపిలో వెదకినను తెలుగులిపిలోని వ్రాత దొరకవలెను. ప్రతి రచయితయు తాను చదువువారి పట్టికను మరల బయట పెట్టవలెను. వేదిక మూతపడునాడు ఎవరి వ్రాతను వారు మూటగట్టుకొనిపోవు సౌకర్యముండవలెను. అనుసరించువారి సంఖ్యను బాలురకు చూపకుండుట మేలు. మూడంకెలు చూచినవాడు పొంగును, మూడే చూచినవాడు కలము పారవేయును. ముగ్గురు శ్రద్ధగా చదువుట సామాన్యభాగ్యము కాదని వానికి ఎవరు చెప్పుదురు?

“పిల్లలకు తమిళము తప్పదు, ఆంగ్లము తప్పదు, ఇంక ఈ తెలుగు వెదుకులాటకు తీరికెక్కడిది?” అని మిత్రులు కొందరందురు. అందు న్యాయము లేకపోలేదు. 2006 నాటి తమిళాభ్యసన చట్టము పిమ్మట మన బాలుర బరువు పెరిగినమాట నిజము. తమిళము మన ఇరుగుపొరుగుల భాష. దానిని ప్రేమతోనే నేర్వవలెను. అయినను మేమడుగునది వారమునకు ఒక్క అరగంట. ఇంటి భాషలో తనవంటివాడొకడు వ్రాయుచున్నాడని తెలిసిన బాలుడు ఆ భాషను పరీక్షతో విడువడు.

యంత్రములు మన కోరికలు వినునో వినవో! మన చేతిలోని పని మనము చేయుదము. ఈ పత్రిక ప్రతి సంచికలోను ఒక పుటను “ఎవరిని చదువవలెను?” అను శీర్షికకు కేటాయింపవలెనని మా సూచన. ప్రతి విద్యార్థియు తాను చదివిన ఒక రచయితను పది పంక్తులలో తోటివారికి పరిచయము చేయవలెను. 18 ఏండ్లు నిండని వారి వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని 2023 నాటి చట్టము చెప్పుచున్నది. కనుక అంతర్జాలమున వెదకుట ఉపాధ్యాయుల సమక్షమున జరుగుట యుక్తము. మొదటి పరిచయము ఆ తొమ్మిదవ తరగతి బాలికయే వ్రాయునని ఆశించుచున్నాము. అందు “కయ్య” అనుమాట వచ్చినచో మా ఎఱ్ఱకలము దానిని తాకదు.