కప్పకి రంగు మారితే ఓకే... నాకు మారితేనే ప్రాబ్లమా?

మొన్న మా కజిన్ పెళ్లిలో ఓ పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుని చూసి, అందరి ముందూ అడిగేసింది. ‘‘ఇదేంటే? చేపలు తిని పాలు తాగావా?’’

అది బొల్లి మచ్చ. టెన్త్ నుంచీ ఉంది. చేపలకీ పాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ పూటంతా చున్నీ కప్పుకునే కూర్చున్నా. ఇంటికొచ్చాక నిద్రపట్టక, అసలు ఒంటికి రంగెలా వస్తుందా అని చదువుతుంటే కప్పల కథ దొరికింది.

కప్ప చర్మంలోని కొన్ని కణాల్లో మెలనిన్ అనే నల్లటి రేణువులుంటాయి. కప్ప నల్లటి చోట కూర్చుంటే కళ్లు ఆ సంగతి మెదడుకి చెప్తాయి. మెదడు కిందుండే పీయూష గ్రంథి ఎంఎస్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. అది రక్తంలో కలిసి చర్మాన్ని చేరగానే రేణువులు గొడుగు విప్పినట్టు కణమంతా పరుచుకుంటాయి. కప్ప నల్లబడుతుంది. హార్మోన్ తగ్గితే గొడుగు ముడుచుకుంటుంది, రంగు తేలిపోతుంది.

దీనికి రివర్స్‌లో పనిచేసేది ఇంకోటుంది. పశువుల పీనియల్ గ్రంథి రసం తగిలితే తోకకప్పలు తెల్లబడతాయని 1917లోనే గమనించారు. ఆ రసంలో చర్మరోగాలకు మందు దొరుకుతుందేమోనని అమెరికాలో యేల్ యూనివర్సిటీ చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ ఆశపడ్డాడు. 1958లో ఆ పదార్థాన్ని వేరుచేసి మెలటోనిన్ అని పేరు పెట్టాడు.

అయితే మన చర్మం కప్ప చర్మంలా కాదు. మనలో రంగు కణాలు మెలనిన్ తయారుచేసి పక్క కణాలకి పంచిపెడతాయి. బొల్లిలో మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి ఆ రంగు కణాల్ని చంపేస్తుంది. గొడుగే లేనప్పుడు విప్పేదేంటి? అందుకే మెలటోనిన్ మచ్చలకి మందు కాలేదు, నిద్ర హార్మోన్‌గా ఫేమస్ అయింది. అర్ధరాత్రి ఫోన్ వెలుగు తగ్గించేది దాన్నే. అంటే ఆ రాత్రి నేను చేసిన నిర్వాకం అన్నమాట!

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బొల్లి అంటువ్యాధి కాదు, కుష్టు కాదు. క్రీములున్నాయి, కాంతి చికిత్స ఉంది. మచ్చ కనిపిస్తే చిట్కాలు వెతక్కుండా చర్మవైద్యుల దగ్గరికెళ్లండి.

వచ్చే నెల ఇంకో పెళ్లుంది. పెద్దమ్మ కూడా వస్తుంది. ఈసారి నేను వేసుకునేది స్లీవ్‌లెస్సే. అడిగితే కప్ప కథ మొత్తం చెప్తా.