సిక్కా దస్త్రాలు తెరవాలి
సైఫాబాద్‌లోని నిజాం కాలపు టంకశాల 2022లో మ్యూజియంగా ప్రజల ముందుకు రావడం మెచ్చదగిన పని. కానీ అద్దాల వెనుక నాణేలు చూసినంత మాత్రాన నిజాం సంస్థానపు సొంత కరెన్సీ అయిన ఉస్మానియా సిక్కా చరిత్ర బోధపడదు, కాగితపు నోటు సంగతి అసలే తెలియదు. హైదరాబాద్ సంస్థానం కాగితపు కరెన్సీ చట్టం చేసిందీ, ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొన్నదీ 1918లోనే. విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించింది. నోటు మాత్రం ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలనూ మోసింది. తరగతి గదిలో చోటు దక్కని రైతు భాషను ఖజానా కాదనలేకపోయింది. ఈ ప్రాంత పాలనా చరిత్రలో ఇంతకన్నా విలువైన సాక్ష్యం అరుదు. నోటుపై ఈ భాషలు వేయాలన్న నిర్ణయం ఎవరిది, దాని నమూనాపై ఏ చర్చ జరిగింది అన్నది వెతకవలసిన చోటు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, అంటే విశ్వవిద్యాలయం పొరుగునే. ప్రభుత్వం నాటి ఆర్థిక శాఖ దస్త్రాలను వెంటనే డిజిటల్ రూపంలోకి మార్చి అందరికీ అందుబాటులో ఉంచాలి. చరిత్ర, ఉర్దూ శాఖలు కలిసి వాటిని చదివి, తెలుగులో ప్రచురించే బాధ్యత విశ్వవిద్యాలయం తీసుకోవాలి. సిక్కా చెలామణి 1959లో ముగిసింది. ఆ నోటుతో కూలి అందుకున్నవారు ఇప్పుడు ఎనభై దాటిన వృద్ధులు. వారి జ్ఞాపకాలు సేకరించే పనికి విద్యార్థులను ఈ విద్యా సంవత్సరంలోనే ఊళ్లకు పంపాలి.