ఫిల్టరులో చిక్కిన గాలి – పుస్తకంలో చిక్కిన బాయిల్

సైన్సు చదివే విద్యార్థిని ఎవరినైనా బాయిల్ నియమం చెప్పమనండి. ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు వాయువు ఘనపరిమాణం దాని పీడనానికి విలోమానుపాతంలో ఉంటుందని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అదే విద్యార్థి ఇంటి ముందు ట్రాక్టరు "ఎయిర్ పట్టి" నిలిచిపోతే మాత్రం తండ్రితోపాటు వాకిట్లో కూర్చుని మెకానిక్ కోసం దారి చూస్తాడు. ఆ ట్రాక్టరును ఆపింది బాయిల్ నియమమేనని అతనికి తోచదు. తోచకపోవడం అతని తప్పు కాదు, మనం చదువు చెప్పే తీరులోనే ఏదో లోపం ఉందని నా అభిప్రాయం. ఆ సంగతి మీతో కాస్త వివరంగా మాట్లాడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది చిలమత్తూరు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది కాని ఆకాశం మారలేదు. అనంతపురం సీమకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది, అదీ అదునుకు పడితేనే. మొదటి మంచి పదును వచ్చిందంటే వేరుశెనగ విత్తడానికి కొద్ది రోజులే గడువు. ఎర్రనేల ఇట్టే ఆరిపోతుంది. ఆ నాలుగు రోజుల్లో ఊళ్లో ఉన్న ట్రాక్టర్లన్నీ రాత్రింబగళ్లు తిరుగుతాయి. డీజిలు అడుగంటేదాకా తోలుతారు. సరిగ్గా అప్పుడే బండి ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. క్యానుతో తెచ్చి పది లీటర్లు పోసినా స్టార్ట్ కాదు! ట్యాంకులో ఆయిల్ ఉంది, బ్యాటరీ ఉంది, ఇంజను తిరుగుతోంది, అయినా పేలదు. మెకానిక్ హిందూపురం నుంచో బాగేపల్లి నుంచో రావాలి. అతనికీ అదే నాలుగు రోజులు గిరాకీ. చేను ఆరిపోతూ ఉంటుంది.

ఇంతకూ ఏం జరిగింది?

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదని మీకు తెలుసు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించి, ఆ వేడి గాలిలోకి సన్నని తుంపరగా నూనెను చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. ఆ చిమ్మే పని ఇంజెక్టర్‌ది. ఇంజెక్టర్ నోటిని మూసి ఉంచే స్ప్రింగు, నూనె సుమారు 200 వాతావరణ పీడనాలతో నెట్టితే తప్ప తెరుచుకోదు. మీ మోటారు సైకిల్ టైరులో కొట్టించే గాలి రెండు వాతావరణాల పీడనం మాత్రమే. దాంతో పోల్చి చూడండి.

ఒక్కోసారి ఎంత నూనె చిమ్ముతుందో మనమే లెక్క కట్టవచ్చు. బావుల మీద ఒకనాడు "టక్ టక్" మని కొట్టుకున్న 5 హార్స్ పవర్ ఇంజనునే తీసుకుందాం. పూర్తి బరువు మీద అది గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. రెండు చుట్లకు ఒకసారి నూనె పడుతుంది కనుక నిమిషానికి 750 సార్లు, గంటకు 45,000 సార్లు. వెయ్యి మిల్లీ లీటర్లను 45,000తో భాగిస్తే 0.022 మిల్లీ లీటరు వస్తుంది. అంటే 22 ఘనపు మిల్లీమీటర్లు. మందు చుక్కలు వేసే గొట్టంతో ఒక చుక్క వేస్తే 0.05 మిల్లీ లీటరు ఉంటుంది. ఇది దానిలో సగం కూడా కాదు!

ఇప్పుడు పంపు గదిలోకి జొన్నగింజంత గాలి బుడగ వచ్చి కూర్చుందనుకోండి. 4 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల గోళం ఘనపరిమాణం 33 ఘనపు మిల్లీమీటర్లు. పిడికెడు పనికి గంపెడు అడ్డం! పంపులోని ప్లంజరు ముందుకు తోస్తుంది. నూనె అయితే 200 వాతావరణాల పీడనానికి కూడా నూటికి ఒకటి ఒకటిన్నర పాళ్లకు మించి కుంచించుకోదు. తోపు యావత్తూ అవతలికి చేరుతుంది. గాలి అలా కాదు. పదో వంతుకు నొక్కితే దాని పీడనం పది వాతావరణాలు అవుతుంది, అంతే. 200 కావాలంటే రెండు వందల వంతుకు నొక్కాలి. అంత చోటు ప్లంజరుకు లేదు. కనుక గాలి స్ప్రింగులా ముడుచుకుంటుంది, ప్లంజరు వెనక్కి రాగానే మళ్లీ విచ్చుకుంటుంది, కొత్త నూనె వచ్చే చోటును తానే ఆక్రమిస్తుంది. ఇంజను ఎన్నిసార్లు తిప్పినా జరిగేది ఇదే. బ్యాటరీ నీరసపడుతుంది, స్టార్టర్ మోటారు వేడెక్కుతుంది. పైగా ఆ ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రానులే. దానికి కందెన ఆ డీజిలే. నూనె లేకుండా తిప్పుతూ ఉంటే పంపు అరిగిపోతుంది. అందుకే "ఇంకోసారి కొట్టు, ఇంకోసారి కొట్టు" అనే పెద్దమనుషుల మాట వినవద్దంటాను.

గాలి ముందుగా చేరేది ఫిల్టరులో. ఎందుకంటే సన్నని గొట్టంలో పరుగెత్తే నూనె ఫిల్టరు గిన్నెలోకి రాగానే నెమ్మదిస్తుంది, బుడగలు పైకి తేలి మూత కింద పోగవుతాయి. ఇంకొక చిత్రం ఉంది. తడిసిన ఫిల్టరు కాగితం నూనెను పోనిస్తుంది కాని గాలిని సులభంగా పోనివ్వదు. పొడి చేతిరుమాలు గుండా ఊది చూడండి, తర్వాత దాన్నే నీళ్లలో తడిపి ఊది చూడండి. తడి దారాల సందుల్లో నీటి పొరలు అడ్డుపడతాయి. తలతన్యత అని మీరు చదివింది ఇదే. అందుకే బుడగలు ఫిల్టరులోనే చిక్కుకుంటాయి. కొత్త ఫిల్టరు వేసినప్పుడైతే గిన్నె గిన్నెంతా గాలే.

తీసే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఫిల్టరు తలపైన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. తలపైనే ఎందుకు పెట్టారో ఇప్పుడు మీకు వేరే చెప్పనక్కరలేదు. ట్యాంకులో తగినంత నూనె పోసి, కొళాయి తిప్పి, స్క్రూ చుట్టూ మట్టి తుడిచి, ఒకటి రెండు చుట్లు వదులు చేస్తారు. ఫీడ్ పంపుకు ఉన్న చేతి లీవరును ఆడిస్తారు. మొదట బుస్సుమని గాలి, తర్వాత నురగ, తర్వాత బుడగలతో నూనె, చివరకు బుడగలేని నూనె తీగలా వస్తుంది. నూనె వస్తుండగానే స్క్రూ బిగిస్తారు. రెండో ఫిల్టరు ఉంటే దానికీ అలాగే, ఆపైన పెద్ద పంపుకూ అలాగే. ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకు వరుసగా పోవాలి. వరుస తప్పితే వెనక మిగిలిన గాలి ముందుకు వచ్చి, చేసిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. కారిన నూనెను డబ్బాలో పట్టుకోవాలి, నేలకు తాగించకూడదు.

ఒకసారి తరగతిలో ఇది చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "సార్, మా ట్రాక్టరుకు ఆయిల్ ఎక్కడా కారదు. ట్యాంకూ ఎండలేదు. మరి గాలి ఎట్లా దూరింది?" అని అడిగింది. ఇంత మంచి ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ నేను చూడలేదు. బావి ఇంజనుకు ట్యాంకు తలపైన ఉంటుంది, నూనె తన బరువుతో దిగుతుంది. అక్కడ గొట్టానికి చిల్లు పడితే నూనె బయటికి కారుతుంది. కాని ట్యాంకు కింద ఉండి ఫీడ్ పంపు నూనెను పీల్చుకునే బండ్లలో, పంపుకు ముందున్న గొట్టంలో పీడనం బయటి వాతావరణం కంటే తక్కువ. అక్కడ సన్నని బీట పడినా, రాగి వాషరు అరిగినా నూనె బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. చూడబోతే గొట్టం పొడిగానే ఉంటుంది! చిల్లుపడిన స్ట్రాతో కూల్‌డ్రింక్ తాగబోయి గాలి పీల్చిన ప్రతి పిల్లవానికీ ఇది అనుభవమే.

మన సీమ వారికైతే ఇది మరీ కొత్తకాదు. పంపుసెట్టు వేసేముందు పంపులో కడవెడు నీళ్లు పోసి గాలి వెళ్లగొట్టడం మీ తాతలు రోజూ చేసిన పనే. సముద్ర మట్టాన గాలి బరువు నీటిని 10.3 మీటర్ల ఎత్తుకే నిలపగలదు. 600 మీటర్ల ఎత్తున్న మన హిందూపురం ప్రాంతంలో ఆ లెక్క తొమ్మిదిన్నర మీటర్ల చిల్లరకు తగ్గుతుంది. చేతికి దక్కేది ఇంకా తక్కువ. అందుకే బావిలో నీళ్లు దిగినకొద్దీ ఇంజనును కూడా బావిలోకి దించుకుంటూ పోయారు. తర్వాత బోర్లు వచ్చాయి, నీటి అడుగున మునిగే కరెంటు మోటార్లు వచ్చాయి, బావి మీది డీజిల్ ఇంజన్లు పాత ఇనుముకు పోయాయి. అయినా ఆ బోర్లు వేయడానికి తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గు లారీల మీద ఉన్నవి డీజిల్ ఇంజన్లే. కొడికొండ చెక్‌పోస్టు దాటి పోయే లారీల సంగతి సరేసరి.

ఈ గాలి కథలో చిన్న వింత కూడా ఉంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపించి చూపిన ఇంజనులో నూనెను లోపలికి చిమ్మింది గాలే! సంపీడిత గాలితో నూనెను ఊదేవారు. అందుకు వేరే పెద్ద కంప్రెసరు కావలసి వచ్చేది. నూనెను నూనెతోనే నెట్టే చిన్న పంపును రాబర్ట్ బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకనే డీజిల్ ఇంజను లారీల్లోకీ ట్రాక్టర్లలోకీ ఎక్కగలిగింది. అంటే గాలి అప్పటిదాకా నౌకరు, అప్పటి నుంచి శత్రువు. 1951లో పుట్టిన, మనకు దగ్గరలోనే ఉన్న బెంగుళూరు మైకో సంస్థ ఈ పంపులను మన దేశంలో చేసింది. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా పాత మెకానిక్కులు "మైకో పంపు" అనే అంటారు. అన్నట్టు, 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు. మన పంటే!

ఇక నా అసలు మాట. మెకానిక్‌కు వరుస తెలుసు, కారణం ఎవరూ చెప్పలేదు. విద్యార్థికి కారణం తెలుసు, వరుస ఎవరూ చూపలేదు. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటారు, ఒకరితో ఒకరికి మాట లేదు. ఏడాదికి ఒక పూట ఊరి మెకానిక్‌ను బడికి పిలిచి, ఆగి ఉన్న ఇంజను ముందు పిల్లలను నిలబెట్టి గాలి తీయించాలని నేను కోరుతున్నాను. ఆడపిల్లలనూ ముందు వరుసలోనే నిలపాలి. "మార్కులు రాని పాఠం ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అంటారు. విత్తనం వేళ ఒక పూట నష్టపోతే ఎన్ని మార్కులకు సమానమో వారే చెప్పాలి. ఇంజను దొరకని బడికి రెండు ప్లాస్టిక్ సిరంజీలు, మూరెడు సన్న గొట్టం చాలు. సూదులు వద్దు. రెంటినీ గొట్టంతో కలిపి నీళ్లు నింపి ఒకదాన్ని నొక్కితే రెండోది వెంటనే కదులుతుంది. కొంచెం గాలి చొరనిచ్చి రెండోదాన్ని బొటనవేలితో అదిమిపట్టి నొక్కండి. ఆ మెత్తదనం వేలికి తెలిస్తే ఇక మరవరు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే ముందు నర్సు గొట్టంలోని బుడగలు ఎందుకు పోనిస్తుందో కూడా అప్పుడు అడుగుతారు.

"ఇప్పటి బండ్లకు ఇవన్నీ అక్కర్లేదండీ" అనే వారున్నారు. సగమే నిజం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల్లోనూ, 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్‌కు పైబడిన ట్రాక్టర్లకు వచ్చిన కొత్త నిబంధనల తర్వాతి ఇంజన్లలోనూ కామన్ రైల్ పద్ధతి ఎక్కువ. వాటిలో పీడనం వెయ్యి వాతావరణాలు దాటుతుంది. పాత ఇంజన్లలో ఇంజెక్టర్ దగ్గరి నట్టు వదులు చేసి గాలి తీసినట్టు వీటిలో చేయనే కూడదు. సన్నని నూనె ధార చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. చూస్తే చిన్న చుక్కలా ఉంటుంది కాని వెంటనే ఆసుపత్రికి పోకపోతే వేలే పోవచ్చు. ఆ గొట్టాల జోలికి మీరెవరూ, పాత బండిలో కూడా, పోవద్దు. కాని వీటికీ ఫిల్టరు ఉంది, చేతితో నొక్కే ప్రైమింగ్ బల్బు ఉంది, ఫిల్టరు మారిస్తే గాలి తీయక తప్పదు. చేయి మారింది, నియమం మారలేదు.

ఇంకో దురలవాటు కూడా చెప్పాలి. ట్యాంకు నుంచి క్యానులోకి డీజిలు దించడానికి గొట్టం నోట్లో పెట్టి పీల్చడం. పొరపాటున అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా అలా చేస్తుంటే, వయసు చూడక, "వద్దు నాయనా" అని గొట్టం పట్టుకోండి. చవకగా చేతిపంపు దొరికే రోజుల్లో నోటితో పీల్చడం ఏమి పొదుపు?

సిరంజీలు దొరికాక ఈ ప్రశ్న కూడా ఆలోచించండి. ఫిల్టరు మీది స్క్రూను నూనె కారుతుండగానే బిగించాలన్నాను కదా. "నూనె వృథా" అని లీవరు ఆపి, నూనె నిలిచాక బిగిస్తే ఏమవుతుంది? ట్యాంకు తలపైన ఉన్న ఇంజనుకూ, ట్యాంకు కింద ఉన్న ట్రాక్టరుకూ జవాబు ఒకటేనా, వేరువేరా? బొమ్మ గీసి, గొట్టంలో ఎక్కడ పీడనం ఎక్కువో ఎక్కడ తక్కువో గుర్తులు పెట్టి, మీ సైన్సు మాస్టారుకు చూపించండి.