డాక్టరు ఇంజినీరైతే, నర్సు సూపర్‌వైజరు

సైటు మీదికి ఇంజినీరు వారానికోసారి వస్తాడు. డ్రాయింగు చూసి, సంతకం పెట్టి వెళ్తాడు. రోజంతా పని చూసుకునేది నాలాంటి సూపర్‌వైజరే. మోరిస్‌విల్ వచ్చాక డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు విషయంలోనూ ఇదే నిజమని తెలిసింది.

కిందటేడు మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. నెల తిరక్కుండానే స్టవ్ వెలిగించి మరిచిపోయింది. పొద్దుగూకితే చాలు, "మనింటికి పోదాం పదరా" అనేది. డాక్టరు జబ్బు పేరు చెప్పి, మందు రాశారు. పావుగంటలో అయిపోయింది. అర్ధరాత్రి లేచి తలుపు తీస్తుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. మా ఆవిడకు మూడు నెలలు నిద్ర లేదు.

ఆ లోటు తీర్చేది నర్సే. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో శిక్షణ పొందిన నర్స్ ప్రాక్టీషనర్లు డాక్టరుతో కలిసి ప్రణాళిక వేస్తారు, ఇంట్లోవాళ్లకు నేర్పుతారు, ఫోన్లో కనుక్కుంటూ ఉంటారు. బ్రిటన్‌లో అడ్మిరల్ నర్సులు కుటుంబాలకు ఇలాగే అండగా ఉంటారు. అమెరికా మెడికేర్ కూడా 2024 జూలైలో 'గైడ్' అనే ఎనిమిదేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో కుటుంబానికో కేర్ నావిగేటర్, రాత్రింబవళ్లు పలికే ఫోను ఉంటాయి. అర్హత ఉంటే, చూసుకునేవాళ్లకు కాస్త విశ్రాంతి దొరికేలా ఏడాదికి 2,500 డాలర్ల దాకా సేవల ఖర్చు భరిస్తారు.

చిక్కంతా ఇక్కడే. ఇది ఒరిజినల్ మెడికేర్ ఉన్నవాళ్లకే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు. ఇక్కడ ఉద్యోగం చేయని పెద్దలైతే గ్రీన్ కార్డు వచ్చినా 65 ఏళ్లు నిండి, వరుసగా అయిదేళ్లు ఇక్కడ ఉంటేనే డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కోగలరు.

చివరికి అమ్మను ఊరికి పంపాం. ఇప్పుడు అక్క ఒక్కతే చూసుకుంటోంది. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన అంచనా. అక్కలాంటి వాళ్లు ఎందరో!

"కన్నతల్లిని నర్సుకు అప్పజెప్పడమా?" అంటారు కొందరు. అప్పజెప్పడం కాదండీ, చూసుకోవడం నేర్చుకోవడం. మన సంఘాలు పండుగలకు హాలు తీసుకుంటున్నాయి కదా. నెలకొక్క పూట మన తెలుగు నర్సమ్మలను పిలిచి కూర్చోబెట్టండి. వైద్యం వద్దు. తలుపుకు గంట ఎలా కట్టాలి, వాదించకుండా మాట ఎలా మళ్లించాలి, తికమక ఉన్నట్టుండి పెరిగితే ఇన్ఫెక్షనేమోనని డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చెయ్యాలి, ఇవి చెబితే చాలు. ఊళ్లో ఉన్న అక్కాచెల్లెళ్లూ ఫోన్లో వినొచ్చు.

అందాకా, అమెరికాలో ఉన్నవాళ్లు అల్జీమర్స్ అసోసియేషన్ నంబరు 1-800-272-3900 రాసిపెట్టుకోండి. రాత్రయినా పలుకుతారు, దుబాసీ కావాలని అడగొచ్చు. ఇండియాలో పెద్దల హెల్ప్‌లైన్ 14567. ఈ రెండూ అప్పుడే తెలిసుంటే, మా ఆవిడ కొన్ని రాత్రులైనా నిద్రపోయేది.